మగ్గం కొన్నవాడి హక్కు

జనవరి 11

వదినగారికి,

సలాం. చెవిలో వేసుకునే కొత్త మందు పనిచేస్తోందా? ఫోన్‌లో మీకు వినపడదు, నాకు మాట్లాడటం చేతకాదు. అందుకే ఉత్తరం.

మీ చెల్లెలి మగ్గం అమ్మేశాను. ముందు మిమ్మల్ని అడగాల్సింది. అడగలేదు. ఆమె పోయాక ఎనిమిది నెలలుగా ఆ గది తలుపు తీయలేదు. పోయిన వారం తీశాను. తీశాక మళ్ళీ మూయలేకపోయాను.

కొన్నాయన నేతగాడు. అరవై దాటాయి. పుట్టుకతోనే చూపు లేదు. భార్య చెయ్యి పట్టుకుని వచ్చాడు. నన్ను ఏమీ అడగలేదు. దూలాలు తడిమాడు. పడుగు చుట్టిన కర్ర తడిమాడు. నూలు అటూ ఇటూ దాటించే నాడె అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. ఆమె సగంలో ఆపిన తువ్వాలు మగ్గం మీదే ఉంది. దాని అంచు వెంట వేలు పోనిచ్చి, "చెయ్యి తిరిగిన మనిషి" అన్నాడు. నేను వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. వచ్చేసరికి, "తీసుకుంటాను" అన్నాడు. తువ్వాలు కత్తిరించి నాకు ఇచ్చేసి పోయాడు.

మీరు మదర్సాలో ఆడపిల్లలకి షరియత్‌లోని అమ్మకాల పాఠం చెబుతారు కదా. ఒక సందేహం. చూపు లేనివాడు తడిమి చూసి కొన్నాక, ఆ వస్తువు తిరిగి ఇవ్వచ్చా? ఊరికే అడుగుతున్నాను.

డ్రాయింగ్ ఆఫీసులో పని మామూలే. కొత్త మేనేజరుకి నా గీతలు మరీ సన్నగా ఉన్నాయట. కళ్ళద్దాలు మార్చుకోమని చెప్పాను. మాట్లాడటం మానేశాడు.

మీ మరిది


జనవరి 19

మరిదీ,

నీకు శాంతి కలగాలి, ముందు ఆ మేనేజరుకి కలగాలి. ఇల్లు దాటితే గానీ నీ నోరు లేవదన్నమాట. మా ఇంటికి వచ్చి నాలుగు రోజులున్నా నాలుగు మాటలు మాట్లాడవు కదయ్యా.

చెవి మందు సంగతి చెప్పకు. అది వేసుకున్నాక పక్కింటివాళ్ళ గొడవలు కూడా వినపడటం లేదు. బొత్తిగా తోచడం లేదు.

మగ్గం అమ్మేశావని చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. తర్వాత, మంచి పని చేశావనిపించింది. నేసేవాడికే ఇచ్చావు, పాత సామాన్లవాడికి ఇవ్వలేదు. అది చాలు నాకు.

ఇక నీ సందేహం. మా పిల్లలకి చెప్పినట్టే చెబుతాను, నోట్సు రాసుకో. బేరం కుదిరాక కూడా వెనక్కి తగ్గే వెసులుబాటు ఒకటి ఉంటుంది. దాన్ని ఖియార్ అంటాం. అది చాలా రకాలు, నీకు మూడు చాలు. ఒకటి, గడువు పెట్టుకోవడం. "మూడు రోజులు చూస్తాను, నచ్చకపోతే నీది నీకు ఇచ్చేస్తాను" అని ఒప్పుకుంటారు. గడువు దాటిందా, బేరం ఖాయం. రెండోది, చూడకుండా కొన్నవాడు చూశాక వద్దనుకునే హక్కు. చూపు లేనివాడికి చెయ్యే కన్ను. తడిమి తెలుసుకునే వస్తువైతే, తడిమాడంటే చూసినట్టే. కాబట్టి నీ నేతాయనకి ఆ దారి మూసుకుపోయింది. మూడోది, లోపం. కొనేటప్పుడు కొన్నవాడికి తెలియని లోపం తర్వాత బయటపడితే, ఉంచుకుంటాడా తిరిగి ఇస్తాడా అనేది అతని ఇష్టం.

ఊరికే అడిగానన్నావు. నేను నమ్మను. నువ్వు ఊరికే టైము కూడా అడగవు. నీకు మగ్గం వెనక్కి కావాలి, అవునా? అయితే విను. చూడకుండా కొన్నవాడికే మా పుస్తకం హక్కు ఇచ్చింది. చూడకుండా అమ్మినవాడికి ఇవ్వలేదు. ఎనిమిది నెలలు తలుపు తీయకపోవడం నీ తప్పు. అది పోయింది, పోనివ్వు.

గది కిటికీలు తెరిచి పెట్టు. గాలి ఆడనీ.

నీ మంచి కోరే
వదిన


జనవరి 27

వదినగారికి,

సలాం. కిటికీలు తెరిచాను.

మగ్గం నాకు వెనక్కి అక్కర్లేదు. అది నిజం.

నిన్న నేతాయన భార్య వచ్చింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు. మగ్గాన్ని మళ్ళీ నేనే తీసుకుంటానేమో అడగడానికి వచ్చానంది. హక్కుగా కాదట, దయ ఉంచి. ఇచ్చినదానికి తక్కువకైనా సరేనంది. ఆయన నేత మానేస్తాడట.

ఎందుకని అడిగాను. ఎడమ కాలు పోతోందట. మగ్గం ఇంటికి చేరిన రోజు నుంచే బరువెక్కిందట. మగ్గం కింద కాళ్ళతో తొక్కే పలకల్లో కుడిది అలవోకగా దిగుతుందట, ఎడమది తొక్కబోతే కాలు సహకరించదట. నేత వంకర పోతోంది. ఈయన అన్నకి కూడా ఎడమ కాలితోనే మొదలైందట. ఆ తర్వాత ఆ అన్న మంచం దిగలేదు. "ఈయన బయటికి చెప్పడు గానీ పొద్దున లేవగానే ఆ కాలు ఉందో లేదో తడిమి చూసుకుంటాడు" అంది.

ఆలోచించి చెబుతానన్నాను.

లోపం గురించి మీరు రాసింది మళ్ళీ చదివాను. కంటికీ చేతికీ దొరకని లోపం అయితే? అమ్మినవాడికి ఒక్కడికే తెలిసినదైతే? "ఉన్నది ఉన్నట్టు తీసుకోండి" అని ముందే అని ఉంటే? నేను ఆ మాట అన్నాను.

వీలైనంత త్వరగా రాయండి.

మీ మరిది


ఫిబ్రవరి 4

మరిదీ,

ఈసారి సలాం తర్వాత తిట్లు. సిద్ధంగా ఉండు.

నాకు మగ్గం అక్కర్లేదంటావు. రెండు పేరాలు తిరక్కుండానే కంటికీ చేతికీ దొరకని లోపం అంటావు. ఇరవై ఆరేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నానయ్యా. బేరం చెడగొట్టాలనుకునే ప్రతివాడూ ముందు ఒక లోపం పుట్టిస్తాడు. ఆవిడ ఎటూ అడుగుతోంది, నువ్వు లోపం చెబితే ఆయన కూడా సంతోషంగా తిరిగి ఇస్తాడు, నువ్వు సంతోషంగా మోసుకెళ్ళి ఆ గదిలో పెట్టుకుంటావు, మళ్ళీ తలుపు మూస్తావు. నాకు తెలియదనుకోకు.

లేని లోపం చెప్పడం, ఉన్న లోపం దాచడం, రెండూ ఒకటే.

అయినా ఆ మగ్గానికి లోపమేమిటి? చెల్లి చివరి మూడు నెలలూ దాని మీద ఎంత నేసిందో నువ్వు చూడలేదా? నాకు రాసింది. "అక్కా, నా కుడి కాలు తిరిగొచ్చింది. పలక మీద పెడితే చాలు, దానంతటదే దిగుతోంది. డాక్టరు మొహం చూడాలి నువ్వు" అని. అది చదివే కదా నేను మీ ఇంటికి రావడానికి సర్దుకున్న పెట్టె విప్పేసింది. కాలు బాగుపడింది కదా, సెలవులకి వెళ్ళొచ్చులే అనుకున్నాను. సెలవులకి పది రోజులుందనగా నువ్వు కబురు పంపావు.

ఆ మగ్గం మీద లోపం మోపకు. నేతాయన కాలు నిజంగా జబ్బు పడితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మనిషికి చేయాల్సిన సాయం అది. మగ్గం తెచ్చుకోవడం కాదు.

కోపంగా ఉన్నా నీ మంచి కోరే
వదిన


ఫిబ్రవరి 10

వదినగారికి,

లోపం ఉంది. నేను పెట్టిందే.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో మీ చెల్లెలి కుడి కాలు పలకని కిందికి తొక్కలేకపోయింది. రెండు చేతులతో మోకాలిని నొక్కి పలక దించేది. నన్ను చూసి ఆపేసేది. తువ్వాళ్ళు ఇస్తానని ఒప్పుకున్నవాళ్ళకి లేదని చెప్పడం మొదలుపెట్టింది. భోజనం తగ్గింది.

ఒక ఉదయం పక్కింటావిడతో కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళింది. అప్పుడు మగ్గం కిందికి దూరాను. కుడి పలక కొసకి రెండు కిలోల ఇనుప ముక్క బిగించాను. కనపడకుండా చెక్క మూసి, మూడు మరలు బిగించి, అదే రంగు వేశాను. లెక్క నాకు తెలిసినదే. మా ఆఫీసులో రోజూ గీసేది అలాంటివే. పలకలు రెండూ ఒక తాడు మీద ఉంటాయి, ఒకటి దిగితే రెండోది లేస్తుంది. ఇనుము కిందికి లాగడంతో కుడివైపు తొక్కడం ఎంత తేలికైందో ఎడమవైపు అంత బరువైంది. ఆమె ఎడమ కాలు గట్టిది. తేడా తెలియలేదు.

మధ్యాహ్నం వచ్చి కూర్చుంది. పలక దిగింది. ఇంకోసారి తొక్కి చూసింది. తర్వాత నన్ను పిలిచింది. "చూడండి, చూడండి" అంది. నేను చూశాను. కాలు బాగుపడిందన్నాను.

ఆమెకి చెప్పలేదు. ఆఖరి వరకూ తెలియదు. మూడు నెలల్లో పదకొండు తువ్వాళ్ళు నేసింది.

మీకు ఆమె అబద్ధం రాయలేదు. అబద్ధం నాది. మీరు పెట్టె విప్పింది నా వల్ల. ఇది మీకు ఎప్పుడూ చెప్పకూడదనుకున్నాను. నేతాయనకి చెబితే మీకూ చెప్పాల్సి వస్తుంది. అందుకే ఆయనకీ చెప్పలేదు. ఆయన రావడానికి ముందు రోజు మరలు విప్పుదామని కూర్చున్నాను. చెయ్యి రాలేదు.

ఇప్పుడు ఆయన ఎడమ కాలు ఎందుకు బరువెక్కిందో మీకు అర్థమై ఉంటుంది.

ఏం చేయాలో చెప్పండి.

మరిది


ఫిబ్రవరి 19

మరిదికి,

నువ్వు అడిగినదానికి జవాబు ఇది.

ఉన్నది ఉన్నట్టు తీసుకొమ్మన్నావు, ఆయన ఒప్పుకున్నాడు. దాన్నే పట్టుకుంటే న్యాయాధికారి దగ్గర నువ్వు గెలవచ్చు. కానీ తెలిసిన లోపం దాచి అమ్మడానికి నీకు అనుమతి లేదు. లోపం చూసి ఉంచుకోవాలా వద్దా అనేది ఆయన హక్కు. ఆయన బదులు నువ్వు గానీ నేను గానీ ఎంచలేం. ఎంచాలంటే ఆయనకి తెలియాలి.

వెళ్ళి చెప్పు. ఉత్తరం అందిన రోజే వెళ్ళు. ఒక మనిషి తన కాలు చచ్చిపోతోందని రోజూ తడిమి చూసుకుంటున్నాడు.

మిగతా సంగతి నేను ఇప్పుడు రాయలేను.

వదిన


ఫిబ్రవరి 24

వదినగారికి,

మీ ఉత్తరం నిన్న అందింది. నిన్ననే వెళ్ళాను.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. మగ్గం ముందు గదిలో ఉంది, కదలడానికి చోటు లేదు. మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది. ఆయన దానికి వీపు పెట్టి నేల మీద కూర్చుని దారం చిక్కు తీస్తున్నాడు. మా మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. అలా రాయడమే నాకు వచ్చు.

"ఎవరది?"

"మగ్గం అమ్మినవాణ్ణి."

"ఓ, మీరా! మా ఆవిడ మీ ఇంటికొచ్చి బతిమాలిందట కదా. నాకు చెప్పకుండా వచ్చింది. తీసుకుంటే తీసుకోండి, లేకపోతే కట్టెలకి పనికొస్తుంది."

"మీ కాలికి ఏమీ కాలేదు."

"మీరు డాక్టరు కూడానా?"

"కాదు. లోపం మగ్గంలో ఉంది. అమ్మకముందు నేనే పెట్టాను. చెప్పకుండా అమ్మాను."

చెప్పాను. కుడి పలక, ఇనుప ముక్క, మూసిన చెక్క. ఎవరి కోసమో చెప్పలేదు. ఆయన దారం పక్కన పెట్టాడు. వెనక్కి తిరిగి, నేల మీద పడుకుని, మగ్గం కిందికి చెయ్యి చాచాడు. కొసదాకా తడిమాడు. మరల తలలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తర్వాత అలాగే పడుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నేను అంతలా నవ్వే మనిషిని ఈ ఏడాది చూడలేదు. భార్య వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏమే, నా కాలు బాగుందే! నలభై రోజులు నూనె రాయించుకున్నానే ఈ కాలికి!"

"రాసింది నేను. నా చేతుల సంగతి ఎవరైనా అడిగారా? నేను చెప్పలా, కాలికేం కాలేదని?"

"నువ్వు చెప్పింది కషాయం తాగమని!"

"తాగావా మరి?"

"తాగాను గనకే ఇంకా కుంటుతున్నాను!"

ఆమె చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

నవ్వు ఆగాక ఆయనకి కోపం వచ్చింది. న్యాయమే.

"గుడ్డివాడు కదా, కింద తడమడులే అనుకున్నారా?"

"లేదు."

"మరి?"

"లోపం చెబితే ఎందుకు పెట్టానో చెప్పాలి. అది నా నోట రాదు."

ఆయన చేత్తో కుడి పలక నొక్కి చూశాడు. "ఎవరి కాలు?" అన్నాడు.

"మా ఆవిడది."

"ఆ తువ్వాలు నేసినావిడా?"

"అవును."

"ఆమెకి తెలుసా?"

తెలియదన్నాను.

మీకు హక్కు ఉంది, తిరిగి ఇచ్చేయొచ్చు, ఇచ్చినదంతా వెనక్కి ఇస్తానని చెప్పాను. ముందు ఆ ముక్క తీసేయమన్నాడు. తీశాను. ఆయన భార్య పొయ్యి దగ్గరి దీపం తెచ్చి పట్టుకుంది. "ఇప్పుడు తొక్కి చూస్తా. రెండు రోజులు నేసి చెబుతా. మీ మాట నమ్మి మాత్రం చెప్పను" అన్నాడు. మూడు రోజులు తీసుకోండి, మా వదిన పుస్తకంలో గడువు అంత ఉందన్నాను. "వదిన గట్టి మనిషిలా ఉందే" అన్నాడు. అవునన్నాను.

ఎల్లుండి సాయంత్రంతో గడువు పూర్తవుతుంది. తిరిగి ఇస్తే తెచ్చుకుంటాను. గది తలుపు మూయను.

మీరు నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఇది తెలియజేయడానికి రాశాను.

మరిది


మార్చి 5

మరిదీ,

నీకు సలాం. నేతాయనకి రెండు సలాములు. ఆయన భార్య చేతులకి మూడు.

ఇది నీకు అందేలోపు గడువు దాటిపోయి ఉంటుంది. ఏం తేలిందో రాయి. బేరం అయ్యాక కూడా ఇద్దరూ ఒప్పుకుని గడువు పెట్టుకోవచ్చు. అది బాగానే చేశావు. ఇంతకాలానికి ఒక శిష్యుడు దొరికాడు, వాడికీ అరవై దగ్గరపడుతున్నాయి.

నీ బేరం క్లాసులో చెప్పాను. పేర్లు లేకుండా, నువ్వెవరో చెప్పకుండా. మొత్తం గది గోల. ఒకతి, అమ్మినవాడికి శిక్ష ఉండాలంది. ఇంకొకతి, వెళ్ళి చెప్పుకున్నాడు కదే అంది. వెనక బెంచీలో ఒక పిల్ల ఉంది, ఏడాదిలో నాలుగుసార్లు నోరు విప్పుతుంది, నీ బాపతే. "మరి ఆ భార్యకి చెప్పక్కర్లేదా?" అని అడిగింది. ఆమె ఏమీ కొనలేదు కదమ్మా అన్నాను. "కొనలేదు గానీ నమ్మింది కదా" అంది. గంట కొట్టారు. బతికిపోయాను.

ఇప్పుడు మిగతా సంగతి. అప్పుడు రాయలేనన్నది.

తొమ్మిది రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. వంట చేస్తూ, పాఠం చెబుతూ కూడా. వచ్చి ఉంటే దానితో రెండు నెలలు గడిపేదాన్ని. ఆ రెండు నెలలు నువ్వు తీసుకున్నావు. ఇది రాయకుండా ముందుకు పోలేను, అందుకే రాస్తున్నాను. ఒక్కసారే.

పదో రోజు దాని ఉత్తరాలు బయటికి తీశాను. నువ్వు ఇనుము బిగించక ముందువీ తర్వాతవీ వేరు చేసి పెట్టాను. ముందువాటిలో మందుల పేర్లు ఉన్నాయి, వాతావరణం ఉంది. తర్వాతవాటిలో దాని నోరు ఉంది. పక్కింటావిడ కళ్ళద్దాల మీద ఒకటిన్నర పేజీ రాసింది. "ఈయన నా కాలు చూసి మురిసిపోతున్నాడు అక్కా, తనకే వచ్చినట్టు" అని రాసింది. అది చదివి నవ్వొచ్చింది, ఒక్కదాన్నే కూర్చుని పైకి నవ్వాను.

నువ్వు ఆ పని చేయకుండా ఉంటే బాగుండేదని గట్టిగా అనుకోవాలని చూశాను మరిదీ. కుదరలేదు.

ఇంకో రెండు వారాలయ్యాక వచ్చే గురువారం నుంచి మాకు వారం సెలవు. పెట్టె సర్దాను. ఈసారి విప్పను. ఆ ఉత్తరాలు తెస్తున్నాను, నువ్వు చదవాలి. వంట మాత్రం నువ్వు చేయకు. నాకు చెవులే పోయాయి, నాలుక బాగానే ఉంది.

వదిన


మార్చి 11

వదినగారికి,

సలాం. ఆ గురువారం బస్సు దగ్గర ఉంటాను. మీకు ఆ గదిలోనే పక్క వేశాను. గాలి బాగా వస్తుంది.

మూడో రోజు పొద్దు కుంకేదాకా గుమ్మంలో కూర్చున్నాను. ప్రతి బండి చప్పుడుకీ లేచాను. ఎవరూ రాలేదు. దీపాలు పెట్టే వేళకి గుర్తొచ్చింది, మీ పుస్తకం ప్రకారం రాకపోవడమే జవాబు. లోపలికెళ్ళి అన్నం తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను.

మర్నాడు ఆఫీసు నుంచి ఆ వీధిలోంచి వచ్చాను. మలుపు దగ్గరే మగ్గం వినిపించింది. రెండు దెబ్బలూ సమానంగా పడుతున్నాయి. లోపలికి వెళ్ళే ఉద్దేశం లేదు. కిటికీ ముందు ఆగాను. చప్పుడు ఆగింది.

"అమ్మినాయనేనా?"

అవునన్నాను. ఎలా తెలిసిందని అడగలేదు.

"మీ వదినకి ఉత్తరం రాస్తారు కదా, ఇది కూడా రాయండి" అన్నాడు. "నా ఎడమ కాలు బాగుంది."

రాస్తున్నాను.

మీ మరిది